ఒక చెవికి రెండు సాక్ష్యాలు

నూలు మిల్లు డిస్పెన్సరీలో ఇరవై మూడేళ్లు నర్సుగా చేసి రిటైరయ్యాను. తెగిన వేళ్లు, కంట్లో పడిన దూది నూగు, ఎండాకాలంలో సొమ్మసిల్లి పడిపోయినవాళ్లు, ఇలా నా చేతుల మీదుగా బాగై మళ్లీ పనిలోకి వెళ్లినవాళ్లు చాలామంది ఉన్నారు. నా పని నాకు బాగా వచ్చు. ఆ మాట చెప్పుకోవడానికి మొహమాటపడను. చేతికి నేర్పు ఇచ్చింది దేవుడే కాబట్టి దాన్ని తక్కువ చేసి చెప్పడం కూడా తప్పే. అయితే ఫ్యాక్టరీల్లో కొత్తగా చేరుతున్న నర్సులు, సేఫ్టీ పని చూసే పిల్లలు చదువుతారని ఇది రాస్తున్నాను. అందుకని నేను బాగుచేసినవాటిని పక్కన పెట్టి, చెడగొట్టిన ఒక చెవి గురించి చెబుతాను. ఆ చెవి తర్వాత బాగైంది. కానీ ఎలా చెడిందో దాచిపెట్టి ఎలా బాగైందో చెబితే మీకు ఉపయోగం లేదు.

మా మిల్లు రాజమండ్రి దాటాక సామర్లకోట వెళ్లే రోడ్డు మీద ఉండేది. నేను ధవళేశ్వరం నుంచి వచ్చేదాన్ని. ఆడవాళ్లలో సగంమంది కొవ్వూరు వైపు ఊళ్ల నుంచి మిల్లు బస్సులో బ్రిడ్జి దాటి వచ్చేవారు. దూదిని సన్నగా లాగి నూలుగా వడికే పొడవాటి యంత్రాలను రింగ్ ఫ్రేములంటారు. ఒక్కో ఫ్రేముకు వందలకొద్దీ కదుళ్లుంటాయి. అన్నీ ఒకేసారి తిరుగుతుంటే ఆ షెడ్డులో పక్కనున్న మనిషి నోరు కదలడం కనిపిస్తుంది గాని మాట వినిపించదు. అందుకని అక్కడివాళ్లు చేతులతోనే మాట్లాడుకునేవారు. బొటనవేలు పెదవికి ఆనిస్తే టీ. గడ్డం కింద వేళ్లాడిస్తే మేనేజరు గారు వస్తున్నారని, ఆయనకు గడ్డం ఉండేది. నుదుటి దగ్గర చేతులు జోడిస్తే నేను వస్తున్నానని, నా ప్రార్థనల సంగతి అందరికీ తెలుసు. తెగిన దారాన్ని మళ్లీ కలిపాక బొటనవేలు, చూపుడువేలు ఒకచోట చేర్చి నలిపినట్టు చూపిస్తే ‘అతికింది, ఇంక ఫరవాలేదు’ అని. ఆ షెడ్డులో రోజు మొత్తం మీద ఎక్కువగా కనిపించే గుర్తు అదే.

ఒక ఏడు వినికిడి పరీక్ష చేసే వ్యాను మిల్లుకు వచ్చింది. పాతవాళ్లలో చాలామందికి చెవులు సగానికి సగం పోయాయని తేలింది. అంతవరకూ మావాళ్లకు తెలిసిన రక్షణ ఒక్కటే. ఫ్రేము మీది దూది కాస్త తుంచి, ఉండ చేసి చెవిలో కుక్కుకోవడం. దానివల్ల చెవికి వెచ్చగా ఉంటుంది తప్ప రొద ఆగదు. ఇక మా సేఫ్టీ ఆఫీసరు గారు పసుపు రంగు స్పాంజి ఇయర్ ప్లగ్గులు తెప్పించారు. ఆయన అన్నీ రిజిస్టరులో రాసుకునే మనిషి. మంచివాడే గాని, రిజిస్టరులో లేనిది లోకంలో లేదనుకునే రకం. ప్లగ్గు పెట్టుకోనివాళ్లకు షెడ్డులోకి ప్రవేశం లేదని బోర్డు పెట్టారు. వేళ్లతో సన్నగా నలిపి, చెవిని పైకి లాగి, లోపలికి దూర్చి, అది ఉబ్బేదాకా పట్టుకోవాలని నేను ఒక్కొక్కరికీ నేర్పాను. చెవి బిరడాలని వాళ్లు వాటికి పేరు పెట్టారు. నెల తిరిగేసరికి అందరికీ అలవాటైపోయింది.

ఒక్కరికి తప్ప.

ఆమెకు అప్పుడు ముప్పై లోపే. కొవ్వూరు అవతల వ్యవసాయం చేసుకునే ఇంటి కోడలు. దారం అతకడంలో ఆ షిఫ్టులో ఆమెను మించినవాళ్లు లేరు. ఇంకో గుణం కూడా ఉంది. అంత రొదలోనూ ఏ కదురు కూత మారినా ముందు ఆమెకే తెలిసేది. మెకానిక్కు కంటే ముందు ఆమె వేలు చూపించేది. ఆ చెవులే ఆమెకు పనిలో పేరు తెచ్చాయి, ఆ చెవులే బాధా పెట్టాయి.

“చిన్నప్పట్నుంచీ ఇంతేనండి సిస్టరమ్మగారూ. కుక్కరు విజిలొస్తుందంటే వంటింట్లోంచి వాకిట్లోకి పరిగెత్తేదాన్నండి. మా అత్తగారు ఇప్పటికీ కుక్కరెట్టి నన్ను పిలిచి మరీ చెప్తారు, పో, పారిపో అని,” అంది మొదటిసారి డిస్పెన్సరీకి వచ్చినప్పుడు.

చెవి రంధ్రాలు చిన్నవి, లోపలి చర్మం పలచన. స్పాంజి ప్లగ్గు లోపల ఉబ్బితే గంటలో నొప్పి మొదలయ్యేది. చిన్న సైజు రబ్బరువి ఇచ్చాను. దురద పెట్టాయంది. తల మీది బద్దీతో చెవి ద్వారం దగ్గర నొక్కి ఉండేవి తెప్పించాను. ఒత్తుకుపోయి తలనొప్పి వచ్చిందంది. మూడోది కూడా తిరిగి తెచ్చాక, నిజం చెబుతున్నాను, ఈ అమ్మాయికి గారం ఎక్కువనుకున్నాను. మూడు వందలమందికి సరిపోయింది ఈమెకెందుకు సరిపోదు అనుకున్నాను. మీరు ఇలా అనుకున్న రోజున జాగ్రత్త పడండి. సరిపోలేదని మనిషి చెబుతుంటే సరిపోతుందని మనం చెప్పడానికి ఆ చెవి మనది కాదు.

ఆమె పరిస్థితి తేలిక కాదు. ఇంకా పర్మనెంటు కాలేదు. ఇంకో మూడు నెలల్లో ఆ సంగతి తేలాలి. గుమ్మం దగ్గర ప్లగ్గు పెట్టుకున్నా లోపలికెళ్లాక నొప్పికి తీసేసేది, అందుకని పెట్టుకోనివాళ్ల జాబితాలో ఆమె పేరు వారం వారం పైకెక్కుతోంది.

మా చర్చి సంఘంలో ఒక ఆచారం ఉంది. రోగుల కోసం పాస్టరు గారు నూనె మీద ప్రార్థన చేసి, చిన్న సీసాల్లో ఇస్తారు. అది మందు కాదు. నుదుటి మీద కొద్దిగా అంటించి ప్రార్థన చేసుకుంటాం. నేను పుట్టి పెరిగిందే ఆ సంఘంలో. వాక్యం నేర్చుకున్నదీ, అక్షరాలు నేర్చుకున్నదీ అక్కడే. ఆ సీసా ఒకటి నా సొరుగులో ఎప్పుడూ ఉండేది. ఆ రోజు ఆమె కళ్లు తుడుచుకుంటుంటే సొరుగు తీసి సీసా ఆమె చేతిలో పెట్టాను.

“ఇది ప్రార్థన నూనమ్మా. రోజూ రెండు చుక్కలు వాడుకో. నేను కూడా నీకోసం ప్రార్థన చేస్తాను.”

“ఆయ్, అలాగేనండి,” అని సీసా కళ్లకద్దుకుని కొంగున ముడేసుకుంది.

ఎక్కడ వాడుకోవాలో నేను చెప్పలేదు. చెప్పాలని నాకు తోచనే లేదు. ప్రార్థన నూనె అంటే నుదుటికని మా సంఘంలో నడవడం వచ్చిన పిల్లలకు కూడా తెలుసు. కానీ ఆమె మా సంఘం మనిషి కాదు. ఆమె ఇంట్లో ఆదివారం తలంటు పోసుకున్నాక చెవుల్లో వెల్లుల్లి కాచిన నూనె పోసుకోవడం అలవాటు. చెవి నొప్పికి పెద్దావిడ నూనె ఇస్తే ఎక్కడ వేసుకోవాలన్న అనుమానం ఆమెకు ఎందుకొస్తుంది?

అయిదో రోజు ఆమె నవ్వుతూ వచ్చింది.

“నొప్పి తగ్గిందండి. బిరడా కూడా హాయిగా దూరుతోందండి.”

ఎందుకు హాయిగా దూరుతోందని నేను అడగలేదు. సంతోషంలో ఉన్నాను. ఆ ఆదివారం ఆరాధనలో లేచి, దేవుడు చేసిన మేలు ఇదని అందరి ముందూ సాక్ష్యం చెప్పాను. మూడు రకాల ప్లగ్గులు చెయ్యలేనిది ప్రభువు అయిదు రోజుల్లో చేశాడన్నాను. అందరూ స్తోత్రం అన్నారు, చప్పట్లు కొట్టారు. బయటికొచ్చాక పాస్టరు గారు మాత్రం మెల్లగా అడిగారు.

“డాక్టరుకి చూపించారామ్మా?”

“ఇంక అవసరం లేదండి అయ్యగారూ,” అన్నాను.

ఆయన తల ఊపారు. ఒప్పుకుని ఊపిన తల కాదది. నేను గమనించి కూడా గమనించనట్టు ఊరుకున్నాను.

మూడో వారంలో ఆమె తల ఒక పక్కకు వంచుకుని వచ్చింది. కుడి చెవి నుంచి నీరు కారుతోంది, వాసన వస్తోంది. టార్చి వేసి చూస్తే లోపల తడి కాగితం నలిపి కుక్కినట్టు తెల్లగా ఏదో, దాని మీద నల్లటి చుక్కలు. అన్నిటికంటే ఆమె చెప్పిన ఇంకో మాటకు నాకు భయమేసింది.

“కదుళ్లు వినపడట్లేదండి.”

ఆ పూటే సెలవు పెట్టించి రాజమండ్రిలో చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. పెద్దాయన. నేను కొత్తగా నర్సయిన రోజుల నుంచి తెలుసు. మైక్రోస్కోపులోంచి తల తీయకుండానే అడిగారు.

“ఏం పోశారమ్మా ఇందులో?”

“నూనండి,” అంది.

“ఏ నూనె? ఎవరు పొయ్యమన్నారు?”

ఆమె నా వైపు చూసింది. “సిస్టరమ్మగారిచ్చిన ప్రార్థన నూనండి. గరిటెలో కాస్త వెచ్చజేసి, పొద్దున్నే డ్యూటీకొచ్చే ముందు రెండేసి చుక్కలండి. ఆపైన బిరడా పెట్టేసుకునేదాన్నండి.”

డాక్టరు గారు అప్పుడు తల ఎత్తారు. ఆమెను చూడలేదు, నన్ను చూశారు.

“బూజు పట్టిందమ్మా. నూనె, చెమట, పైన గాలాడకుండా మూత. ఊరగాయ జాడీలో తడి గరిటె పెట్టి మూతేసినట్టు చేశారు. ఇంత శ్రద్ధగా బూజు పెంచినవాళ్లను నేను చూళ్లేదు.”

శుభ్రం చేసి, చుక్కల మందు రాసి, షరతులు పెట్టారు. మానేదాకా తలస్నానానికి కూడా చెవిలో నీళ్లు పోకూడదు. నూనె ఇక ఎప్పటికీ కూడదు. చెవి లోపలికి వెళ్లే ఏ ప్లగ్గూ వాడకూడదు, మానాక కూడా ఆ చెవికి అవి పడవు. అలాగని రొదలో ఉత్త చెవులతో నిలబడకూడదు. ఇంకొకటి చెప్పారు. “రొద లేనిచోట చెవులు మూసుకు తిరగొద్దు. ఇంట్లో కూడా మూసుకుంటే చిన్న చప్పుడుకి కూడా ఉలిక్కిపడతావు.”

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో ఆమే ముందు మాట్లాడింది.

“నేనే పోసుకున్నానండి. మీరు చెవిలో పొయ్యమన్లేదు గదండి. ఆఫీసులో మీ పేరెత్తనండి. డిస్పెన్సరీలో అట్టాంటియ్యి ఇయ్యకూడదంట గదా, మీకు మాటొస్తుంది.”

వద్దు, నిజమే చెబుదామని నేను వెంటనే అనాలి. అనలేదు. ఆటో దిగేదాకా అనలేదు. నమ్మకం గట్టిదని సంఘంలో పేరున్న దాన్ని. ఆ ప్రయాణంలో నా నమ్మకం ఎంత గట్టిదో నాకు కొలత తెలిసింది.

మర్నాడు పొద్దున మేనేజరు గారి గదికి రమ్మన్నారు. వెళ్లేసరికి సేఫ్టీ ఆఫీసరు గారు డాక్టరు చీటీ చూసి అప్పటికే రిపోర్టు రాసి పెట్టారు. ఇచ్చిన రక్షణ పరికరాలు మూడుసార్లు తిరస్కరించింది, సొంత వైద్యం చేసుకుని చెవి పాడుచేసుకుంది, సూచనలు పాటించదు కాబట్టి పర్మనెంటు చెయ్యడానికి తగదు. ఆయన రాసిన ప్రతి మాటకూ రిజిస్టరులో ఆధారం ఉంది. ఆమె గోడ పక్కన కుడి చెవికి దూది పెట్టుకుని నిలబడి ఉంది.

మేనేజరు గారిది రాజమండ్రిలో తరతరాలుగా వ్యాపారం చేసే కుటుంబం. ఆయన కుర్చీ వెనక లక్ష్మీదేవి పటం, దాని ముందు ఎప్పుడూ ఒక తాజా పువ్వు ఉండేవి. రిపోర్టు చదివి ఆమెను అడిగారు.

“ఏంటమ్మా, సొంత వైద్యమేంటి?”

“తప్పయిపోయిందండి,” అంది ఆమె తల దించుకుని. నా వైపు చూడలేదు. మాట నిలబెట్టుకుంటోంది.

“ఆమె తప్పు కాదండి,” అన్నాను. నోరు తెరిచాక మిగతా అంతా తేలికైపోయింది. “ఆ నూనె ఇచ్చింది నేను. మా సంఘంలో ప్రార్థన చేసిన నూనె. డిస్పెన్సరీలో, డ్యూటీలో, యూనిఫాంలో ఉండి ఇచ్చాను. ఎక్కడ రాసుకోవాలో చెప్పలేదు. నర్సు ఇచ్చింది కదాని ఆమె వాడింది. సూచనలు పాటించకపోవడం కాదండి, నా సూచన పాటించబట్టే ఆ చెవి అలా అయింది. రిపోర్టులో నా పేరు రాయండి.”

సేఫ్టీ ఆఫీసరు గారు గొంతు సవరించుకున్నారు.

“ఆ సీసా డిస్పెన్సరీ స్టాకు రిజిస్టర్లో ఉందాండి?”

“ఆ స్టాకు మన రిజిస్టర్లో ఉండదు లెండి,” అన్నారు మేనేజరు గారు. తర్వాత గడ్డం రుద్దుకుంటూ ఆయన్నే అడిగారు. “మీరు చెవిలో నూనె పోసుకోరా?”

సేఫ్టీ ఆఫీసరు గారు తడబడ్డారు. “అంటే… ఆదివారాలు… మా ఆవిడండి…”

“మా అమ్మ ఇప్పటికీ నన్ను పీట మీద కూర్చోబెట్టి పోస్తుంది. మిల్లులో పోసుకోనివాళ్లెవరో చెప్పండి ముందు. ఆదివారం నూనె, సోమవారం బిరడా. ఈ అమ్మాయి చెవి పలచనిది కాబట్టి ముందు బయటపడింది. రేపు వరసగా అందరూ వస్తారు.”

ఆ మాట ఇరవై ఏళ్ల అనుభవం ఉన్న నాకు తట్టలేదు, రిజిస్టరుకూ తట్టలేదు. ఆ వారంలో అందరి చెవులూ చూస్తే మరో పదకొండుమందికి బూజు మొదలై ఉంది.

నాకు మెమో ఇచ్చారు. అందులో రాసినదంతా న్యాయమే. ఇప్పటికీ దాచుకున్నాను. ఆమె చెవి ఎండేదాకా సెలవు, ఆ తర్వాత పదిహేను రోజులు గడువు. “చెవి లోపలికి పోకుండా, ఆమె ఎనిమిది గంటలూ భరించగలిగింది ఏదో మీరే వెతికి పెట్టండి సిస్టరమ్మా. పెట్టుకుని ఒక షిఫ్టు పూర్తిగా చేస్తే పర్మనెంటు. లేదంటే నేను కూడా ఏం చెయ్యలేను.”

లోపలికి పోనిది అంటే చెవి మొత్తాన్ని పైనుంచి కప్పే ఇయర్ మఫ్. రెండు గిన్నెలు, వాటిని కలిపే ఒక బద్దీ. షెడ్డులో దాన్ని చూసి అందరూ ఒకటే ఎగతాళి. “అవేంటే, పెద్ద ఫోను కొన్నావా? మాకూ రెండు పాటలు వినిపించు.” ఆమె అరగంట పెట్టుకుని తీసేసింది. ఉక్కకు గిన్నెల్లో చెమట నిలిచింది. బద్దీ బిగుతుకు కణతలు నొప్పెట్టాయి. అంతకంటే ముఖ్యంగా చెవి వెనక సూదితో పొడిచినట్టు ఉందంది.

చూస్తే అది దిద్దుల వల్ల. గిన్నె నొక్కినప్పుడల్లా దిద్దు వెనక్కి పోయి గుచ్చుకుంటోంది.

మా సంఘంలో ఆడవాళ్లం నగలు పెట్టుకోం. నా చెవులకు చిన్నప్పటి నుంచీ ఏమీ లేవు. దిద్దులు తీసెయ్యమ్మా అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. నా అలవాటు ఆమె చెవిలో పోసి ఒకసారి చూశాను కదా, ఈసారి నోరు మూసుకున్నాను. ఆదివారం ఆరాధన అయ్యాక బస్సెక్కి బ్రిడ్జి దాటి వాళ్ల ఇంటికే వెళ్లాను.

అత్తగారు మజ్జిగ ఇచ్చి, నా చెవులు చూసి, మొహమాటం లేకుండా మొదలుపెట్టింది.

“మీకంటే మీ పద్ధతండి. మా కోడలు బోసి చెవులతో బస్సెక్కితే ఊళ్లో ఏమనుకుంటారు? నేను బతికుండగా అది జరగదండి.”

“తీయించడానికి రాలేదండి. ఎలా చేస్తే గుచ్చుకోదో మీరు చెబుతారేమోనని వచ్చాను.”

ఆవిడ కాస్త మెత్తబడింది. కోడల్ని దగ్గరికి పిలిచి, మఫ్ పెట్టించి, గిన్నె కిందికి వేలు పోనిచ్చి తడిమింది.

“దిద్దు కాదండి గుచ్చేది. వెనకాల శీల. మా కంసాలి పొడుగ్గా పెట్టాడు, ఊడిపోకూడదని.” దిద్దును పట్టుకునే ఆ చిన్న మర శీల చెవి వెనక గింజలా పొడుచుకుని ఉంది. “శీల తెగ్గొట్టించి, బిళ్లలా చదును చేయిస్తే సరి. దిద్దులు కూడా పలచటివి ఉన్నాయి నా పెళ్లినాటివి.”

అలా తేలింది. నేను, సేఫ్టీ ఆఫీసరు గారు, మఫ్ తయారుచేసిన కంపెనీ చూడలేకపోయినదాన్ని ఆవిడ వేలు చూసింది. వెళ్లొస్తానని లేచేసరికి పాత నేత పంచె ఒకటి తెచ్చి, గిన్నెల అంచు కొలతకు ముక్కలు కత్తిరిస్తోంది, చెమట పీల్చడానికి.

ఆ తొడుగుల గురించి సేఫ్టీ ఆఫీసరు గారికి అనుమానం వచ్చింది. మంచి అనుమానమే. గుడ్డ వేస్తే సందుల్లోంచి రొద లోపలికి రాదా అని. తానే తొడుగులతో ఒకసారి, లేకుండా ఒకసారి మఫ్ పెట్టుకుని ఫ్రేము పక్కన నిలబడి చూశారు. పలచటి ఒక పొర అయితే పెద్ద తేడా లేదు, రెండు పొరలైతే తేడా తెలుస్తోంది అని తేల్చి రిజిస్టరులో రాశారు. ఆ పేజీలో ఆయన సంతకం కింద మొదటిసారి ఆయన సరదాగా గీసిన ఒక చిన్న పువ్వు బొమ్మ చూశాను. ఆ మనిషి కూడా ఈ పనిలో పడ్డాడని అప్పుడు అర్థమైంది.

బద్దీ బిగుతు సంగతి నేను చూసుకున్నాను. మా ఇంట్లో అన్నిటికంటే లావైన గ్రంథాన్ని రెండు గిన్నెల మధ్య నిలబెట్టి రెండు రోజులుంచాను. అది ఏ గ్రంథమో మీకు చెప్పనక్కర్లేదు. దాన్ని ఇలా వాడినందుకు ప్రభువు కోపగించడని నా నమ్మకం. బద్దీ కొంచెం వదులైంది. మరీ వదులైతే గిన్నె చెవి చుట్టూ ఆనదు, కప్పుకున్న ప్రయోజనం పోతుంది. అందుకని చెవి చుట్టూ వేలు తిప్పి ఎక్కడా సందు లేదని చూశాను. కొప్పు బదులు కిందికి వదిలిన జడ వేసుకోమన్నాను, పువ్వులు జడ చివర. ఆ తర్వాత ఒక రోజు గంట, మరో రోజు రెండు గంటలు, అలా పెంచుకుంటూ పోయాం. టీకి బయటికొచ్చిన ప్రతిసారీ తీసి, చెవులకు గాలి తగలనిచ్చి, పొడి తొడుగు మార్చేది. తడివి డిస్పెన్సరీ కిటికీ మీద ఆరేసేదాన్ని. మెమో అందుకున్న నర్సు కిటికీకి పంచె ముక్కలు వేలాడటం చూసి దారిన పోయేవాళ్లందరూ నవ్వుకునేవారు. నేను కూడా నవ్వాను.

గడువు చివరి రోజు పొద్దున షిఫ్టు. ఆమె సైరనుకు ముందే వచ్చి మఫ్ పెట్టుకుని ఫ్రేము దగ్గర నిలబడింది. మేనేజరు గారు రెండుసార్లు వచ్చి చూసి వెళ్లారు. నేను ఏదో వంకతో ఆరుసార్లు వెళ్లాను. నాలుగో గంటలో నేను షెడ్డులో ఉండగా ఆమె హఠాత్తుగా పని ఆపింది. చేయి మఫ్ వైపు వెళ్తుందనుకున్నాను. చేయి ఎత్తి పక్క ఫ్రేము వైపు వేలు చూపింది. మెకానిక్కు వచ్చి, చెవి పెట్టి విని, ఏమీ లేదన్నట్టు చేయి ఊపాడు. ఆమె తల అడ్డంగా ఊపి మళ్లీ అక్కడే చూపింది. విప్పి చూస్తే ఒక కదురు బేరింగు అరిగిపోయి ఉంది.

బయటికొచ్చాక అడిగాను, మఫ్ పెట్టుకుని ఎలా వినపడిందని.

“ఇప్పుడే బాగా తెలుస్తోందండి. రొదంతా అడుక్కెళ్లిపోయిందండి. దాని కూత ఒక్కటే పైన తేలిందండి.”

షిఫ్టు ముగిసే సైరను మోగేదాకా ఆమె మఫ్ తీయలేదు. పై వారం పర్మనెంటు ఆర్డరు చేతికొచ్చింది.

నాకు ఇంకొకటి మిగిలింది. నేను సంఘంలో చెప్పిన సాక్ష్యం ఇంకా అలాగే ఉంది. చెవి నొప్పికి ప్రార్థన నూనె ఇచ్చానన్న నా మాట విని కొందరు వాళ్ల పిల్లల చెవుల్లో కూడా ఆ నూనె పోస్తున్నారని తెలిసింది. పాస్టరు గారి దగ్గరికి వెళ్లి అంతా చెప్పాను.

“సాక్ష్యమంటే జరిగింది చెప్పడమేనమ్మా,” అన్నారాయన. “సగం జరిగాక ఒకసారి చెప్పారు. మొత్తం జరిగాక ఇంకోసారి చెప్పండి. దేవుడికి రెండోదే ఎక్కువ ఉపయోగపడుతుందేమో.”

ఆ ఆదివారం మందిరంలోకి వెళ్లేసరికి చివరి వరసలో ఆమె కూర్చుని ఉంది. నేను రమ్మనలేదు. శనివారం నా నోట విని, తనే వచ్చింది. “నా చెవి గురించి చెప్తారంట, నేను వినొద్దాండి?” అంది. మా మందిరంలో కీబోర్డు, డ్రమ్ములు, మనిషెత్తు స్పీకర్లు ఉన్నాయి. స్తుతి మొదలవగానే ఆమె సంచిలోంచి మఫ్ తీసి, పంచె తొడుగులు సర్ది, చెవులకు పెట్టుకుంది. పక్క వరసలో పెద్దలు తిరిగి చూశారు. ఆమె పట్టించుకోలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

నేను లేచి నిలబడ్డాను. ఆమె మఫ్ తీసి ఒళ్లో పెట్టుకుంది.

మొదటి సాక్ష్యంలో చెప్పనిదంతా చెప్పాను. సీసా ఇవ్వడం, ఎక్కడ రాసుకోవాలో చెప్పకపోవడం, డాక్టరు గారి ఊరగాయ జాడీ మాట, ఆటోలో నేను నోరు మెదపకపోవడం, అత్తగారి వేలు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ముందు వరసలోని ఒక ముసలావిడ, నాకు సండే స్కూల్లో అక్షరాలు నేర్పిన ఆవిడ, కూర్చునే అడిగింది.

“అయితే నూనె పనిచెయ్యదంటావా?”

“నుదుటి మీద పెట్టుకుంటే దాని పని అది చేస్తుందండి టీచరుగారూ. చెవిలో పోస్తే బూజు పడుతుంది.”

ఎవరో నవ్వారు, తర్వాత చాలామంది నవ్వారు. పాస్టరు గారు లేచి, వచ్చే వారం నుంచి ప్రతి సీసా మీద ‘నుదుటికి మాత్రమే’ అని రాసిస్తామన్నారు. ఆ తర్వాత స్పీకర్ల దగ్గర కూర్చున్న ఆయన వైపు చూసి, చేత్తో తగ్గించమని సైగ చేశారు. మళ్లీ పాట మొదలైంది. అయినా అది మా మందిరం కదా, తగ్గించినా అంత తక్కువేం కాదు. మాట వినిపించే దూరంలో లేను. చివరి వరస వైపు చూశాను.

ఆమె మఫ్ మళ్లీ పెట్టుకుంది. ఒక చేయి పైకెత్తి, బొటనవేలు, చూపుడువేలు ఒకచోట చేర్చి, మెల్లగా నలిపి చూపించింది.